పాత ఎలక్ట్రిక్ స్కూటర్ మోటార్లలోని అయస్కాంతాలను ఎట్లా తీయాలి?

నల్లగొండలో తుక్కు దుకాణం నడిపే అన్న అడిగింది ఇదీ: పాత ఎలక్ట్రిక్ స్కూటర్ల చక్రం మోటార్లు కాటాకు వస్తున్నాయి, అందులోని అయస్కాంతాల్లో రేర్ ఎర్త్ లోహాలు (నియోడిమియం వంటివి, బలమైన అయస్కాంతాలకు వాడేవి) ఉంటాయంటున్నారు, యాసిడ్‌తో తీసి అమ్ముకోవచ్చా?

యాసిడ్ ఆలోచన మానుకోండి అన్నా. యాసిడ్‌లో కరిగిస్తే చివరికి చేతికొచ్చేది ఆక్సైడ్ పొడి. దాన్ని లోహం చేయాలంటే కరిగిన ఫ్లోరైడ్ లవణాల్లో కరెంటు పారించాలి. అది పెద్ద ఫ్యాక్టరీల పని. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన మనుషులను మర్రిగూడ వైపు తరతరాలుగా చూసిన జిల్లా మనది. ఇక్కడ యాసిడ్ తొట్లు పెట్టి ఆ మురుగును భూమిలోకి ఇంకించే పని ఎవ్వరూ చేయొద్దు.

అసలు నష్టం సమ్మెట దగ్గర మొదలవుతుంది. మోటారు మూత పగలగొట్టి రాగి వైండింగ్ లాగేస్తారు, దానికి రేటుంది కాబట్టి. అయస్కాంతాలు అతికించి ఉన్న బయటి రింగు ఇనుము కుప్పలో పడి ఫర్నేసుకు పోతుంది. అక్కడ అయస్కాంతంలోని నియోడిమియం ఆక్సిజన్‌తో కలిసి చిట్టెంలోకి పోతుంది. ఇక అది తిరిగి రాదు.

ఎంత పోతుందో లెక్క కట్టండి. ఒక అయస్కాంతం ముక్క 30 మి.మీ. పొడవు, 14 వెడల్పు, 3 మందం ఉందనుకుందాం. సాంద్రత 7.5 కాబట్టి దాదాపు 9.5 గ్రాములు తూగుతుంది. రింగులో ముక్కలు కొన్ని మోటార్లలో 32, కొన్నింటిలో 46 ఉంటాయి. 46 అనుకుంటే 435 గ్రాములు. అందులో సుమారు 30 శాతం, అంటే 130 గ్రాములు, నియోడిమియం వంటి రేర్ ఎర్త్ లోహాలే. మిగిలింది చాలావరకు ఇనుము, ఒక శాతం బోరాన్.

విప్పేటప్పుడు మూత బోల్టులన్నీ తీసి, ఇరుసుకు పుల్లర్ బిగించి నిదానంగా, తిన్నగా లాగండి. చేతితో లాగితే సగం బయటికొచ్చిన వైండింగ్‌ను అయస్కాంతాలు ఒక్కసారిగా వెనక్కి గుంజుతాయి, వేళ్లు నలిగిపోతాయి. రింగు బాగుంటే ముక్కలు ఊడదీయకండి, అదే మోడల్ మోటారు రిపేరుకు రింగు రింగుగానే పనికొస్తుంది. గ్యాస్ మంట అసలే పెట్టొద్దు. మామూలు గ్రేడు అయస్కాంతం 80 డిగ్రీలు దాటగానే బలం కోల్పోవడం మొదలవుతుంది, 310 దగ్గర మొత్తం పోతుంది. గ్రైండర్ కూడా పెట్టొద్దు. ఆ పొడి తనంతట తానే అంటుకుంటుంది. పొరపాటున అంటుకుంటే నీళ్లు కాదు, పొడి ఇసుక పోయాలి.

ఊడిన ముక్కల మధ్య చెక్క బద్దలు పెట్టి, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి దాచండి. పైనున్న నికెల్ పూత లేచిన చోట చెమ్మ తగిలితే ముక్క పొడిపొడిగా రాలిపోతుంది. నల్లగా, పూత లేకుండా, పింగాణీలా పెళుసుగా ఉండేవి ఫెర్రైట్, వాటిలో రేర్ ఎర్త్ లేదు. వేరే పెట్టండి. మామూలు త్రీ ఫేజ్ బోరు మోటారులో అసలు అయస్కాంతమే ఉండదు, దాన్ని వెతికి టైం పాడుచేసుకోవద్దు. సోలార్ పంపుల బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని, అయస్కాంతాలతో తిరిగే) మోటార్లలో మాత్రం చూడండి.

ఇట్లా శుభ్రంగా వేరు చేసిన ముక్కలకు ఫ్యాక్టరీలో హైడ్రోజన్ వాయువు పట్టిస్తే అవి ఉబ్బి, పగిలి పొడవుతాయి. బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో అభివృద్ధి చేసిన పద్ధతి ఇది. ఆ పొడిని నలిపి, అయస్కాంత క్షేత్రంలో అచ్చు పోసి, వాక్యూమ్‌లో వెయ్యి డిగ్రీల పైన కాలిస్తే మళ్లీ అయస్కాంతం తయారవుతుంది. యాసిడ్ అక్కర్లేదు. మిర్యాలగూడ రైసు మిల్లుల వాళ్లకూ ఇదే చెబుతాను. వడ్లలోని మేకులు, తీగ ముక్కలు పట్టే నియోడిమియం బార్లు బలం తగ్గాయని తుక్కులో వేయకండి. తుప్పు పట్టకపోతే మళ్లీ మాగ్నెటైజ్ చేయించుకోవచ్చు.

నాకు కోపం తెప్పించేది నిబంధనలే. 2022 ఈ-వ్యర్థాల నిబంధనల కింద రీసైక్లర్లకు సర్టిఫికెట్లు (తయారీ కంపెనీలు వాళ్ల దగ్గర కొనుక్కునేవి) ఇచ్చేది బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుముకే. నియోడిమియానికి లేదు. 2025 ఏప్రిల్‌లో చైనా అయస్కాంతాల ఎగుమతికి కళ్లెం వేసింది. ఆ సెప్టెంబరులో కేంద్రం కీలక ఖనిజాల రీసైక్లింగ్‌కు 1,500 కోట్ల పథకం తెచ్చింది. కానీ కాటా దగ్గర అయస్కాంతానికి విడిగా రేటు కట్టకపోతే రింగు ఇనుములోకే పోతుంది. నియోడిమియం, అట్లాంటిదే మరో రేర్ ఎర్త్ లోహం డిస్ప్రోసియం కూడా ఆ సర్టిఫికెట్ల జాబితాలోకి ఎక్కాలి. అప్పటిదాకా మీ డబ్బాల మీద మోటారు మోడల్, ముక్కల కొలతలు, బరువు రాసి పెట్టుకోండి. కాలుష్య నియంత్రణ మండలిలో నమోదైన రీసైక్లర్‌తో బేరం మాట్లాడేటప్పుడు ముందు అడిగేది అదే.