పాత నోట్సులోని కోడ్‌తో లెక్క తేడా వస్తుంటే

తమ్ముడూ, మీ కొబ్బరి తోట దింపు లెక్కలకి 2009 నాటి ఒక ప్రోగ్రామర్ నోట్సులోని పైథాన్ కోడ్ వాడానని, ప్రింట్ దగ్గర ఆగిపోతే సరిచేశానని, ఇప్పుడు వాటాల్లో అరకాయలు వస్తున్నాయని రాశావు. టెన్షన్ పడకు. అది పైథాన్ భాష పాత వెర్షన్ పైథాన్ 2లో రాసిన కోడ్, నువ్వు నడుపుతున్నది పైథాన్ 3. దాని సపోర్ట్ 2020 జనవరి 1తో ఆగిపోయింది. అందులో 7/2 అంటే 3, పైథాన్ 3లో 3.5. కాయలు పంచే చోట / బదులు // పెట్టు, అది పూర్తి కాయలే ఇస్తుంది; మిగిలినవి % తో తీసుకో. అసలు ప్రమాదం ఇదే: ఎర్రర్ రాదు, లెక్క మారిపోతుంది. తెలుగు పేర్లున్న ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 (అక్షరాల్ని ఫైల్లో దాచే పద్ధతి) అని కూడా రాయి.

అలాగని ఆ నోట్సు పారేయకు. అమలాపురంలో కూర్చుని నేను పని నేర్చుకున్నది అలాంటి రాతల వల్లే. ఒకే మనిషి ఏళ్ల తరబడి రాసుకున్నదాంట్లో, ఏ పద్ధతి ఎందుకు వదిలేశాడో, ఎక్కడ పొరబడ్డాడో తెలుస్తుంది. మాన్యువల్‌లో అది దొరకదు. కానీ అతను చూసింది తన మెషిన్, తన పని మాత్రమే. ఆలోచన అక్కడ నేర్చుకో, కమాండ్ మాత్రం నీ వెర్షన్ డాక్యుమెంటేషన్‌లో చూసుకో.

మార్చాక, మీ నాన్నగారు చేత్తో రాసిన పాత దింపు లెక్క ఒకటి తీసి సరిపోల్చు. తేడా వస్తే ఆ లైన్ ఇక్కడ పెట్టు, చూస్తాను.