గాజులు తాకట్టులో, భర్త సెమినార్‌లో

రాయగడ నుంచి ఒక చెల్లెలు రాసిన ఉత్తరం ఇది. ఊళ్లో మన తెలుగు కుటుంబాలు ఒకరికొకరు తెలిసినవాళ్లే కాబట్టి ఒకటి రెండు వివరాలు మార్చి, కుదించి ఇస్తున్నాను.

"మా ఆయనకు ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. విశాఖలో ఆయనకు సరుకిచ్చే హోల్‌సేల్ షాపాయన ఏడాది కిందట ఒక ఫ్రీ మీటింగ్‌కి తీసుకెళ్లాడు. తర్వాత హోటల్లో మూడు రోజుల క్లాసు, 22 వేలు. దానిమీద అడ్వాన్స్ క్లాసు, 70 వేలు. ఇప్పుడు ఏడాదిపాటు లీడర్ ట్రైనింగ్ అట, రెండున్నర లక్షలు. నా నాలుగు తులాల గాజులు తాకట్టులో ఉన్నాయి. నిజం చెప్పాలంటే మొదటి క్లాసు నుంచి వచ్చాక తాగుడు మానేశారు. పదేళ్లుగా మాటల్లేని తమ్ముడికి ఫోన్ చేసి ఏడ్చారు. అందుకే మా అత్తగారు 'తాగుడు మానాడు కదా, ఊరుకో' అంటారు. కానీ ఇప్పుడు ఏం అడిగినా 'అది నీ నెగెటివ్ మైండ్' అంటున్నారు. లెక్కల పరీక్షంటే భయమని పాప ఏడిస్తే 'భయం నువ్వు అల్లుకున్న కథ' అన్నారు. వచ్చే నెల నన్నూ రమ్మంటున్నారు. రాకపోతే తన ఎదుగుదలకు నేనే అడ్డట. ఒక్కసారి వెళ్లి చూడమంటారా? వెళ్లకపోతే మనిషి చెయ్యి జారిపోతారేమోనని భయంగా ఉంది."

చెల్లీ, తాగుడు మానిన సంగతి దాచకుండా రాశారు చూడండి, అక్కడే నాకు మీమీద గౌరవం కలిగింది. అక్కడి నుంచే మొదలుపెడదాం. మీ ఇంట్లో గొడవంతా ఆ మంచి ఎవరి ఖాతాలో పడాలన్నదే.

ఇలాంటి క్లాసుల్లో లెక్క ఒక్కటే తీరుగా రాస్తారు. మంచి జరిగితే అది క్లాసు మహిమ. జరగకపోతే 'నువ్వు మనసు పూర్తిగా పెట్టలేదు, పై క్లాసు చెయ్యి'. లాభమంతా హోల్‌సేలర్‌ది, పాడైన సరుకంతా నీది అంటే మీ ఆయన షాపులో ఒప్పుకుంటారా? ఇక్కడ ఒప్పుకుంటున్నారు. తాగుడు మానింది ఆయన. రాత్రి షట్టర్ దించాక ఆ సందులోకి తిరక్కుండా తిన్నగా ఇంటికొచ్చింది ఆయన కాళ్లు. ఈ మాట ఆయనతో ఎప్పుడైనా అన్నారా? డబ్బు టెన్షన్లో అనుండరు. అక్కడ మాత్రం వందమంది లేచి చప్పట్లు కొట్టారు.

నేనూ ఒకసారి అలాంటి హాల్లో కూర్చున్నాను, ఉద్యోగంలో చేరిన కొత్తలో. ఏసీ చలి, గోడకి గడియారం లేదు, పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే రాత్రి పదకొండయినా వదల్లేదు. నోట్స్ రాయకూడదు. మధ్యాహ్నం బయటికి వెళ్లబోతే తలుపు దగ్గర వాలంటీర్ అమ్మాయి నవ్వుతూ, "దేన్నుంచి పారిపోతున్నారు సార్?" అంది. "ఏమీ లేదమ్మా, బాత్‌రూమ్‌కి" అన్నాను. ఆమె నవ్వు తగ్గలేదు గానీ దారి మాత్రం ఇవ్వలేదు. వెనక్కొచ్చి కూర్చున్నాను. ఆ కూర్చోవడం గురించి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. మర్నాటికి నేనూ మైకు పట్టుకుని మా నాన్న గురించి ఏడ్చాను. గుండె తేలికైంది, అబద్ధం చెప్పను. నిద్ర చాలని మనిషి, ఎప్పుడూ ఎవరికీ చెప్పుకోని బాధ, ఎదురుగా తలూపే వందమంది. ఈ మూడూ కలిస్తే ఎవరికైనా అలాగే ఉంటుంది. తేలిక నిజమే, దానికి కట్టిన ధరే మోసం. ఏడుపు ఆరకముందే, "ఈ రాత్రికి కడితే డిస్కౌంట్" అని ఫారం చేతిలో పెట్టారు.

ఈ పద్ధతి మన దగ్గర పుట్టింది కాదు. 1971లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వెర్నర్ ఎర్హార్డ్ అనే ఆయన రెండు వారాంతాల్లో అరవై గంటల శిక్షణ మొదలుపెట్టాడు. ఆ అచ్చులోంచి తర్వాత ఎన్నో వచ్చాయి. అన్నీ ఒకటే అననండి. కొందరు రెండు రోజులు కూర్చుని, నచ్చిన నాలుగు మాటలు పట్టుకుని ఇంటికొచ్చేస్తారు, వాళ్లకేమీ కాదు. కానీ 2009లో అరిజోనాలో జేమ్స్ ఆర్థర్ రే అనే వక్త, దాదాపు పది వేల డాలర్లు కట్టినవాళ్లను కాలిన రాళ్ల ఆవిరి నిండిన గుడారంలో కూర్చోబెట్టి, ఓర్చుకోండి, బయటికి పోకండి అని పురిగొల్పాడు. ముగ్గురు చనిపోయారు. 2011లో కోర్టు అతనికి రెండేళ్ల జైలు వేసింది. గుడారానికి తాళం లేదు చెల్లీ. చాలామంది లోపలే ఉండిపోయారు, అంతే.

డబ్బు పోయేకొద్దీ నమ్మకం ఎందుకు పెరుగుతుందా అని మీకు విచిత్రంగా ఉండొచ్చు. 1959లో అరాన్‌సన్, మిల్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ అమ్మాయిలతో ఒక ప్రయోగం చేశారు. ఒక చర్చా బృందంలో చేరాలంటే కొందరు బాగా సిగ్గుపడే పరీక్ష దాటాలి, కొందరికి ఆ బాధ లేదు. ఆ చర్చేమో చప్పిడి కూరలా ఉంది. ఎక్కువ సిగ్గుపడి చేరినవాళ్లే అది చాలా బాగుందన్నారు. ఇంత పడ్డాక బాగాలేదని ఎలా అనుకుంటారు? మీ ఆయనా అంతే. 92 వేలు, పైగా భార్య గాజులు. "మోసపోయారు" అని మీరన్న ప్రతిసారీ ఆయన దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటారు. ఆ మాట ఇంట్లో ఎవరూ అనకండి. మీ అన్నయ్యల్ని పిలిచి పంచాయితీ పెట్టించకండి. మళ్లీ తాగడం మొదలుపెడతారని వెక్కిరించొద్దు.

మరి వెళ్లాలా అంటే, వద్దు. ఒక్కసారి కూడా వద్దు. చూసి రావడానికి అది నాటకం కాదు. అక్కడ మీరు భార్యగా కూర్చోరు, ఆయన తెచ్చిన కొత్త మనిషిగా కూర్చుంటారు. మీ కష్టం మైకులో చెప్పించి, ఆయన ముందే "నెగెటివ్" అని పేరు పెడితే ఆ పేరు ఇంటిదాకా వస్తుంది. "నేను రాను. మీరు వెళ్లొచ్చి చెప్పండి, వింటాను" అనండి. అని, నిజంగానే వినండి. విన్నాక ఒక్కటే అడగండి: "ఇది ఎప్పటికి పూర్తవుతుంది? చాలనుకుని మానేసినవాళ్లని అక్కడ ఏమంటారు?" జవాబు అప్పటికప్పుడు అక్కర్లేదు. ఆ ప్రశ్న ఆయనతో పాటు రైలెక్కి విశాఖ వెళ్లాలి.

డబ్బు దగ్గర మాత్రం మెత్తదనం వద్దు. రెండున్నర లక్షలకు మీ సంతకం, మీ పేరున లోను, షాపు స్టాకు మీద అప్పు, ఏదీ ఒప్పుకోకండి. "మీమీద నమ్మకం లేక కాదు, పాప చదువు డబ్బు ముట్టుకోను" అని ఒకే మాట, ప్రతిసారీ అదే. ఇప్పటిదాకా కట్టినవాటి రసీదులు, ఫోన్‌పే మెసేజ్‌లు ఒక కవర్లో పెట్టండి. చెప్పినదొకటి చేసినదొకటి అయితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషన్లో మీరుండే చోటే ఫిర్యాదు చేయొచ్చు, విశాఖ తిరగక్కర్లేదు. గడువు రెండేళ్లు. ఇక ఐదుగుర్ని చేర్పిస్తే కమీషన్ అని ఎవరైనా అంటే, అది వేరే సంగతి. అలాంటి మనీ సర్క్యులేషన్ స్కీములు 1978 చట్టం కిందే నిషేధం, చేర్పించినవాడూ ఇరుక్కుంటాడు. చిట్ ఫండ్ కంపెనీల దెబ్బ తిన్న ఒడిశాలో ఇది మీ ఇంట్లో పెద్దవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. పెళ్లిళ్లలో బంధువులు మీ ఆయన్ని చూసి పక్కకి తప్పుకుంటున్నారేమో గమనించండి. ఆ క్లాసులకు వాళ్లే రేపటి గిరాకీ.

ఇంకో సంగతి. వరసగా కొన్ని రోజులు రెండు మూడు గంటలే పడుకుని అలసట లేకుండా, ఆగకుండా మాట్లాడుతూ, లక్షల ప్లాన్లు వేస్తుంటే దాన్ని ఉత్సాహం అనుకోకండి. అది వైద్యుడు చూడాల్సిన విషయం. బరంపురం మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది. ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు.

పాప సంగతి రేపటికి వాయిదా వేయకండి. దాని భయం కథ కాదు, లెక్కలు రాకపోవడం. పక్కన కూర్చుని ఏ పాఠం దగ్గర ఆగిందో చూడండి. మీ ఆయన షాపులో రోజూ జీఎస్టీ లెక్కలు వేసే మనిషి కదా, శాతాల పాఠం ఆయన్నే చెప్పమనండి. ఆ అరగంట మీరు వంటింట్లోనే ఉండండి.

గాజుల తాకట్టు రసీదు ఎవరి పేరున ఉంది, వడ్డీ ఏ తేదీకి కట్టాలి? అది చూసి నాకు మళ్లీ రాయండి.