సరఫరాదారుడిని లాక్కున్న సంస్థ మీద కేసు వేయవచ్చా?

ఏడాదికి ఒప్పందం రాసుకున్న సరఫరాదారుడిని పోటీ సంస్థ ఎక్కువ ధర చూపి లాక్కుంటే, ఆ సంస్థ మీద ఏమీ చేయలేమా అని మీరు అడిగారు. చేయవచ్చు. నా అభిప్రాయంలో ముందుగా పట్టుకోవలసింది కూడా ఆ సంస్థనే, ఎందుకంటే మాట తప్పిన చిన్న వ్యాపారి దగ్గర వసూలు చేయడానికి చివరకు ఏమీ మిగలదు.

గుంటూరులో మేము తొడిమ తీసిన తేజ మిర్చి కొని మసాలా కంపెనీలకు పంపుతాము. ఒక సీజనులో మాతో ధర ఖాయం చేసుకుని, అడ్వాన్సు కూడా పుచ్చుకున్న వ్యాపారి, యార్డులో రేటు పెరగగానే ఫోను ఎత్తడం మానేశాడు. కోల్డ్ స్టోరేజీకి వెళ్లి చూస్తే, టిక్కీల (మిర్చి బస్తాల) మీద ఉన్న మా మార్కాను నల్లరంగుతో కొట్టివేసి, పక్కన మరొక ఎగుమతిదారు మార్కా వేసి ఉంది. వేలు పెడితే రంగు అంటుకుంది. నిలదీసినప్పుడు ఆ వ్యాపారి, ఎగుమతిదారు గుమస్తా పంపిన వాట్సాప్ సందేశాన్ని తానే చూపించాడు: "అగ్రిమెంటు సంగతి మాకు తెలుసులే, వాళ్లు కేసు వేస్తే ఖర్చు మేం చూసుకుంటాం." ఒప్పందం ఉందని తెలిసీ తప్పించారని రుజువు చేయడమే ఇలాంటి కేసులలో అసలు కష్టం. ఆ కష్టాన్ని గుమస్తాగారే తీర్చిపెట్టారు.

మా వకీలు మాత్రం ఒప్పంద ఉల్లంఘనకు మూడేళ్ల గడువు ఉంది, తొందరేమిటన్నారు. ఆ మూడేళ్లు వ్యాపారి మీద వేసే దావాకే. ఒప్పందం తప్పించిన మూడో పక్షం నుంచి పరిహారం కోరాలంటే, 1963 నాటి కాలపరిమితి చట్టంలోని 78వ ఆర్టికల్ ప్రకారం ఉల్లంఘన జరిగిన తేదీ నుంచి ఒక్క సంవత్సరమే. ఫీజు ముందుగా తీసుకునే వకీళ్లు ఈ ఒక్క పంక్తి చదివి ఉంటే ఎన్ని దావాలు బతికేవో!

అయితే బజారులో ఎక్కువ ధర ఇస్తానని చెప్పడం దానంతట అది తప్పు కాదు. ఒప్పందం గడువు ముగిశాక కూడా ఫలానావారికి అమ్మకూడదని రాయించుకున్న షరతు, కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ముందు సాధారణంగా నిలవదు. గడువు నడుస్తుండగా ఉండే కట్టుబాటు వేరు. కోకాకోలా, గుజరాత్ బాట్లింగ్ వివాదంలో సుప్రీంకోర్టు 1995లో అటువంటి షరతును సమర్థించింది.

నోటీసు మాత్రం వ్యాపారికి ఒక్కరికే పంపకండి. ఒప్పందం నకలు జతచేసి లాక్కున్న సంస్థకు కూడా, అందినట్టు రుజువు ఉండేలా పంపండి. లండన్‌లో జొహన్నా వాగ్నర్ అనే గాయనిని ఒక నాటకశాల ఒప్పందం నుంచి మరొక నాటకశాల నిర్వాహకుడు గై లాక్కున్నప్పుడు, అలా లాక్కోవడం దావాకు అర్హమైన తప్పేనని 1853లో అక్కడి న్యాయమూర్తులు తేల్చారు. కానీ మరుసటి ఏడాది విచారణలో, ఆ ఒప్పందం గాయనిని కట్టిపడేయదని గై నిజంగానే నమ్మాడని జ్యూరీ భావించడంతో దావా వేసిన మొదటి నాటకశాల నిర్వాహకుడు లమ్లీ ఓడిపోయాడు. నకలుతో సహా నోటీసు చేతికి అందిన సంస్థకు అలా చెప్పుకోవడం అంత సులువు కాదు.

మా విషయంలో నోటీసు అందిన తరువాత ఎగుమతిదారు మిగిలిన టిక్కీలను ముట్టుకోలేదు, తరలించిన సరుకుకు ధర తేడా కట్టి రాజీకి వచ్చాడు. మీ సరుకు ఇంకా గోడౌనులోనే ఉంటే, నోటీసుతో ఆగకుండా దానిని కదల్చకూడదంటూ తాత్కాలిక నిషేధ ఉత్తర్వు కూడా కోరండి.