పలక సగంలోనే ఆగిపోతోంది

ప్రశ్న: వేషం కోసం చేసిన హెల్మెట్‌కి రెండు చిన్న సర్వో మోటార్లు (చెప్పిన కోణానికి తిరిగి ఆగేవి) పెట్టాను. బటన్ నొక్కితే ముఖం మీది పలక సగం లేచి వణుకుతోంది, వాటిని నడిపే చిన్న కంట్రోల్ బోర్డు ఆర్డుయినో రీసెట్ అవుతోంది. మోటార్లు మార్చాలా?

జవాబు: ఆగండి, ముందు కరెంటు సంగతి చూడండి. బోర్డు మీది 5 వోల్టుల పిన్ నుంచే మోటార్లకు ఇస్తున్నట్టున్నారు, అది చాలదు. నేనూ అదే చేసి, రెండు రాత్రులు కోడ్‌ని తిట్టుకున్నాను. మోటార్లకు విడిగా 1.2 వోల్టుల రీచార్జబుల్ సెల్స్ నాలుగు వరసగా పెట్టండి, 4.8 వోల్టులు వస్తాయి. గ్రౌండ్ (మైనస్) వైరు మాత్రం బోర్డుకీ వీటికీ కలపాలి, అది మరిచిపోతే వణుకు పోదు.

ఇంకోటి. మోటార్లు ఎదురెదురుగా ఉంటాయి కదా, ఒకటి 20 నుంచి 110 డిగ్రీలకు తిరిగితే రెండోది 160 నుంచి 70కి రావాలి. లేదంటే రెండూ కుస్తీ పడతాయి. మూసుకున్నాక పలకను చిన్న అయస్కాంతాలతో పట్టించి, మోటార్లకు సిగ్నల్ ఆపేయండి. గీమనే ఆ రొద చెవి పక్కనే భరించలేం.