రుచుల సందేహాలు: కుస్‌కుస్ ఉప్మా ఎందుకవుతుంది?

ప్రశ్న: బెంజి సర్కిల్ దగ్గర ఒక రెస్టారెంట్‌లో మొరాకన్ కుస్‌కుస్ తెప్పించుకున్నాం. తీరా చూస్తే కూరగాయలు వేసిన ఉప్మాలా ముద్దగా ఉంది. అసలు అది అలాగే ఉంటుందా?
- ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: ఉండదండీ. గింజ గింజ విడివిడిగా రాలాలి. వేళ్ల మధ్య నలిపితే మెత్తగా నలగాలి గానీ జిగురుగా అంటుకోకూడదు. ఉత్తర ఆఫ్రికాలో కుస్‌కుస్‌ను నీళ్లలో ఉడికించరు. డ్యూరమ్ అనే గట్టి గోధుమ రవ్వకు తడి అద్ది, అరచేత్తో రుద్ది చేసిన సన్నటి గింజలవి. కింద గిన్నెలో మాంసం, కూరగాయలు ఉడుకుతుంటే, పైన చిల్లుల గిన్నెలో ఆ ఆవిరికే ఉడుకుతాయి. అదీ ఒకసారితో అయిపోదు, రెండు మూడు వాయిలు పట్టాలి.

మన హోటళ్లలో సాధారణంగా వాడేది ముందే ఆవిరి పట్టి ఎండబెట్టిన ప్యాకెట్ రకం. అదేమీ తప్పు కాదు. కప్పుకు కప్పు మరిగే నీళ్లు, చెంచా నూనె, తగినంత ఉప్పు వేసి, పొయ్యి మీంచి దించి మూతపెట్టి 5 నిమిషాలాగి ఫోర్కుతో విడదీస్తే చక్కగా వస్తుంది. ఉప్మా లెక్కన కప్పుకు రెండున్నర కప్పులు పోసినా, మంట మీదే గరిటెతో కలియబెట్టినా పాడవుతుంది. మధ్యాహ్నం చేసినదాన్ని మూతపెట్టి రాత్రిదాకా వేడిగా ఉంచినా అంతే, లోపలి చెమ్మకు గింజలు ఒకదానికొకటి పట్టేస్తాయి.

ఈసారి వెళితే పులుసు విడిగా గిన్నెలో ఇమ్మనండి. మొరాకోలో గింజలను పెద్ద పళ్లెంలో గుట్టగా పోసి, పైన కూరగాయలు పేర్చి, కాస్త పులుసు పోస్తారు, మిగతాది పక్కన పెడతారు. తింటూ తింటూ పోసుకోవాలి. ముందే అంతా పోసి తెస్తే బల్ల మీదికి వచ్చేసరికే నానిపోతుంది. క్యారట్, క్యాబేజీ, టర్నిప్, గుమ్మడి, వంకాయ, కాబూలీ శనగలు అక్కడ మామూలే. పనీర్, షెజ్వాన్ సాస్ కనిపిస్తే అది వంటవాడి సొంత కవిత్వం. తోడుగా అల్లం, పచ్చిమిర్చి వేయని చప్పటి మజ్జిగ చెప్పండి. మొరాకోలోనూ శుక్రవారం మధ్యాహ్నం కుస్‌కుస్ పక్కన మజ్జిగే తాగుతారు.

ప్రశ్న: మేం శాకాహారులం. ‘ఏడు కూరగాయల కుస్‌కుస్’ అని మెనూలో ఉంటే నమ్మి తినొచ్చా?
- సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: పేరు చూసి తినకండి. సంప్రదాయ పద్ధతిలో ఆ కూరగాయలు ఉడికేది ఎక్కువగా గొర్రె మాంసమో, గొడ్డు మాంసమో వేసిన పులుసులోనే. ‘వెజ్జేనా’ అని ఊరుకోక, పులుసు దేంతో కాచారో, గింజలు తడపడానికి చికెన్ స్టాక్ క్యూబ్ వాడారో అడగండి.

ప్రశ్న: మామూలు రవ్వతో, ఇడ్లీ పాత్రలో ఇంట్లో చేసుకోవచ్చా?
- బ్రాడీపేట, గుంటూరు

జవాబు: చేసుకోవచ్చు. బొంబాయి రవ్వ కాస్త మెత్తబడుతుంది, బన్సీ రవ్వ దొరికితే బిగువుగా నిలుస్తుంది. పావు కిలో రవ్వను వెడల్పాటి పళ్లెంలో పరిచి, ఉప్పు నీళ్లు వేళ్లతో చిలకరిస్తూ అరచేతిని గుండ్రంగా తిప్పండి. మధ్యమధ్య గోధుమపిండి చల్లుతుండాలి, మొత్తం రెండు మూడు చెంచాలు చాలు. నీళ్లు పావు కప్పుతో మొదలుపెట్టండి. ఒక్కసారే గుమ్మరిస్తే అక్కడికక్కడ గడ్డ కడుతుంది. గింజలు కట్టాక జల్లించి, కిందికి రాలిన పొడిని మళ్లీ తడిపి రుద్దాలి, పైన మిగిలిన పెద్ద ఉండలను చిదిమెయ్యాలి.

ఇడ్లీ పాత్రలో నీళ్లు (పులుసైతే మరీ మంచిది) చిల్లుల గిన్నె అడుగుకు తగలకుండా కనీసం రెండంగుళాల కిందే ఉండాలి. రెండు గిన్నెల అంచుల మధ్య సందులోంచి ఆవిరి పోతే పైన పచ్చిగానే ఉండిపోతుంది. అందుకే అక్కడివాళ్లు పిండి కలిపిన నీళ్లలో గుడ్డపేలిక ముంచి ఆ సందు చుట్టూ బిగిస్తారు, మీరూ అదే చెయ్యండి. గింజలకు చెంచా నూనె పట్టించి, నొక్కకుండా వదులుగా పోయండి. మూత పెట్టకండి. ఇడ్లీ అలవాటు కొద్దీ చెయ్యి మూత మీదికే పోతుంది గానీ, మూతకు పట్టిన చెమట కారితే గింజలు ఉండకడతాయి. పైకి ఆవిరి కనిపించినప్పటి నుంచి 15 నిమిషాలు.

తర్వాత పళ్లెంలోకి ఒంపి, చేయి ఓర్చేంత వేడి ఉండగానే పులిహోర కలిపినట్టు అడుగు నుంచి పైకి తీస్తూ విడదీయండి. పావు కప్పు ఉప్పు నీళ్లు చిలకరించి, 10 నిమిషాలు పీల్చుకోనిచ్చి మళ్లీ ఆవిరి పట్టండి. ఇలా మూడు వాయిలు. చివర్లో వెన్న గానీ నెయ్యి గానీ. రెండో వాయి తర్వాత కొరికి చూసి లోపల పిండిపిండిగా తగిలితే, ఇంకో రెండు చెంచాల నీళ్లు ఎక్కువ చల్లండి. ఆవిరి పట్టే సమయం పెంచితే లాభం లేదు, గింజకు కావలసింది చెమ్మ.

ప్రశ్న: దానికి తోడుగా హరీసా అనే మిరప ముద్ద ఇస్తారట. మన గుంటూరు కాయతో చేస్తే?
- అరండల్‌పేట, గుంటూరు

జవాబు: అది ముఖ్యంగా ట్యునీషియా వంటకం. 2020లో కుస్‌కుస్‌ను యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాకు చేర్పించింది అల్జీరియా, మారిటేనియా, మొరాకో, ట్యునీషియా కలిసి. 2022లో హరీసాను చేర్పించుకున్నది ట్యునీషియా ఒక్కటే. మొరాకో కుస్‌కుస్‌లో కారం నామమాత్రం, ట్యునీషియా వాళ్లు చేపల కుస్‌కుస్ పులుసును కూడా ఎర్రగా కాస్తారు.

తేజ రకంతో చేస్తే ఆ పూటకు ఇంకే రుచీ తెలీదు. మూడు వంతులు బ్యాడిగి, ఒక వంతు సన్నం తీసుకోండి. 100 గ్రాముల ఎండుమిర్చి తొడిమలు, గింజలు తీసి వేడినీళ్లలో అరగంట నానబెట్టి, గుడ్డలో గట్టిగా పిండండి. ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, చెంచా ధనియాలు, చెంచా కారవే గింజలు (లేకపోతే షాజీరా), ఉప్పు వేసి, నీళ్లు పోయకుండా ఆలివ్ నూనెతో రుబ్బాలి. పోపు, చింతపండు జోలికి వెళ్లొద్దు. గింజల మీద నేరుగా వేసుకోకుండా, అర చెంచా ముద్దను గరిటెడు వేడి పులుసులో కరిగించి పోసుకోండి. మిగిలింది గాజు సీసాలో నొక్కి, పైన వేలెడు నూనె నిలిచేలా పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. తడి చెంచా తగిలిస్తే మాత్రం బూజు పడుతుంది.