ఉట్నూరు వెళ్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

ఉట్నూరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) కింది ఆశ్రమ పాఠశాలల్లో కౌన్సెలర్‌గా చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఇరవై ఆరేళ్లు ఆ గూడేల్లో నర్సుగా తిరిగినదాన్ని, నాలుగు మాటలు చెప్పనీ.

ముందు నా తప్పు చెబుతాను. తొమ్మిదో తరగతి గోండు పిల్లాడు రోజూ కడుపునొప్పంటూ వచ్చేవాడు. మాత్ర ఇచ్చి పంపేదాన్ని. ఒక సాయంత్రం, గడప దగ్గరే నిలబడి, చొక్కా గుండీ తిప్పుకుంటూ, పోయిన తాత కలలోకొచ్చి పిలుస్తున్నాడన్నాడు. 'లేని మాటలు వినిపిస్తున్నాయి' అని చీటీ రాసి పెద్దాసుపత్రికి పంపేశాను. 'వీళ్లకిలాంటివి మామూలే' అని అక్కడెవరో వాడి ముందే అన్నారట. ఆ తర్వాత వాడు నా గదికి రాలేదు. పోయినవాళ్లు పూర్వీకుల చెంతకు చేరాలంటే చేయాల్సిన కర్మ ఒకటి ఉంటుంది గోండుల్లో. తాతకది చేసిన రోజు వాడికి హాస్టల్‌లో సెలవు దొరకలేదు. ఇది నాకు ఆర్నెల్ల తర్వాత వాళ్లమ్మ చెబితే తెలిసింది. వాడిని అడగాల్సింది నేను. అడగలేదు.

న్యూజిలాండ్‌లో ఇరిహాపేటి రామ్స్‌డెన్ అనే మావోరీ నర్సు ఉండేవారు. వైద్యం మనసుకు భద్రంగా ఉందో లేదో చెప్పాల్సింది చేసేవాళ్లు కాదు, చేయించుకునేవాళ్లు అన్నారావిడ. 1992లో అక్కడి నర్సింగ్ కౌన్సిల్ దాన్ని చదువులోనే చేర్చింది. అది చదివిన రోజు నాకు ఆ పిల్లాడే గుర్తొచ్చాడు. అందుకే, మాట్లాడడం అయ్యాక ప్రతి పిల్లనూ అడుగు: 'నా మాటల్లో నీకు నొప్పి కలిగించింది ఏమైనా ఉందా?' వెంటనే చెప్పరు. మూడోసారికో నాలుగోసారికో చెబుతారు.

ఆ పిల్లలకు తెలుగు బడి భాష. ఏడుపొచ్చేది గోండిలోనో, కొలామీలోనో. మాట అందించడానికి పక్క బెంచీ పిల్లాణ్ణి మాత్రం కూర్చోబెట్టకు, సాయంత్రానికి హాస్టలంతా తెలిసిపోతుంది. ఆ భాష వచ్చిన ఆశా కార్యకర్తను పిలవచ్చు, కానీ ఆమె ఏ ఊరో, ఈ పిల్లలకు ఏ వరస అవుతుందో ముందు కనుక్కో. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగలుగా, అంటే వంశాల గుంపులుగా, అల్లుకున్న చుట్టరికం గోండులది, ఎక్కడో ఒకచోట బంధువే తేలుతుంది. ఆమె ఉండొచ్చా అని పిల్లనే అడుగు.

ఇంటివాళ్లు దేవారి, అంటే ఊరి పూజారి, దగ్గరికి తీసుకెళ్తామంటే మూఢనమ్మకం అనకు. పూజా చేసుకోమను, మందూ ఆపొద్దను. నేను దేవారి ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడాకే కొన్ని ఇళ్లవాళ్లు మాత్రలు వేయించారు.

కానీ ఒక్క విషయంలో ఎవరికోసమూ ఆగకు. చచ్చిపోవాలనుందని పిల్ల అంటే ఒంటరిగా వదలకు, డాక్టరు దగ్గరికి ఆ రోజే తీసుకెళ్లు. టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416కు పగలూ రాత్రీ ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. కేసవుతుందని వార్డెన్ భయపడితే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 115వ సెక్షన్ చూపించు. ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, శిక్షించకూడదు అని అందులో ఉంది.

దీపావళి ముందు గోండుల నాట్యాల పండగ దండారి మొదలవుతుంది. నెమలీకల టోపీ పెట్టుకుని ఆడే గుస్సాడీ వేషం కట్టడానికి ఊరెళ్తామని మగపిల్లలు సెలవడుగుతారు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు ఆ జాతర జరిపే మెస్రం వంశం ఇళ్ల పిల్లలు వెళ్లాలి. హాజరు తగ్గుతుందని హెడ్మాస్టరు ఒప్పుకోకపోతే నువ్వు వెళ్లి కూర్చుని మాట్లాడు. చికిత్సలో భాగమని రాసివ్వు. నేనైతే రాసిచ్చేదాన్ని.

నా గోండి మాటల నోటుబుక్కు పంపుతున్నాను. ఇంకుతో రాసినవి నావి, పెన్సిలుతో దిద్దినవి పిల్లలవి. రెండూ వేరుగా ఉన్నచోట పెన్సిలునే నమ్ము.

ఆశీస్సులతో,
పెద్దమ్మ