పోస్టరు వేసిన చెయ్యే కుళాయి కట్టాలంటే...

టీచరమ్మ జవాబులు

ప్రశ్న: టీచరుగారూ, నమస్కారం. మాది ఒంగోలు, ఉద్యోగరీత్యా చెన్నైలో స్థిరపడ్డాం. బాబుకు ఏడేళ్లు, పాపకు నాలుగు. నీటిని పొదుపు చేయాలని పోస్టరు వేసి బాబు బడిలో మొదటి బహుమతి తెచ్చుకున్నాడు. ఇంట్లో మాత్రం పళ్లు తోముకున్నంతసేపూ కుళాయి పారుతూనే ఉంటుంది. తడి చెత్త, పొడి చెత్త అంటూ పద్యంలా అప్పజెబుతాడు, అరటితొక్క తీసుకెళ్లి కాగితాల బుట్టలో వేస్తాడు. చెప్పి చెప్పి విసిగిపోయాను. ఏం చేయను?
– ఒక తల్లి, వేళచ్చేరి

జవాబు: ముందు చెప్పడం ఆపండి అమ్మాయీ. పోస్టరు వేయమన్నారు, వేశాడు. బహుమతి ఇచ్చారు, పుచ్చుకున్నాడు. వాడి లెక్కలో ఆ పని పూర్తయింది. కుళాయి వేరే పని, దాన్ని ఇంకా ఎవరూ వాడికి అప్పగించలేదు. ఉద్యోగమంతా ఒకటో తరగతి పిల్లలతో గడిపినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ వయసులో ఉపదేశం చెవి దాకా కూడా వెళ్లదు. చేతికిచ్చిన పని మాత్రం గుర్తుంటుంది.

రేపు పొద్దున కుళాయి కింద బకెట్టు పెట్టండి. ఒక్క మాట కూడా అనకండి. పళ్లు తోమడం అయ్యాక ఆ నీళ్లను మగ్గుతో మోసుకెళ్లి బాల్కనీ మొక్కలకు పోయడం వాడి పని. అన్నిసార్లు తిరగలేక మర్నాడు వాడే కుళాయి కట్టేస్తాడు. ఏసీ గొట్టం కింద పెట్టిన బకెట్టు పాపకు అప్పగించండి. చుక్కచుక్కగా నిండిన ఆ నీటితో ఇల్లు తుడుచుకోవచ్చు. నిండిందో లేదో చూడటానికి గంటకోసారి పరుగెడుతుంది, మీకు మరో పని తప్పుతుంది.

తరువాత ఆ నీళ్లు ఎక్కడివో చెప్పండి. నీరు అమూల్యం అంటే పిల్లవాడికి ఏమీ అందదు. చెన్నైకి వచ్చే నీళ్లలో కొంత శ్రీశైలం నుంచి వస్తుందంటే కళ్లు పెద్దవి చేసి వింటాడు. ఇందుకోసం ఆంధ్రప్రదేశ్, తమిళనాడు చేసుకున్న ఒప్పందం 1983 నాటిది. పోతిరెడ్డిపాడు దగ్గర కాలువలోకి మళ్లిన కృష్ణ నీళ్లు వెలుగోడు మీదుగా పెన్నా నది మీది సోమశిలకు, అక్కడినుంచి కండలేరుకు చేరతాయి. ఊత్తుకోట దగ్గర సరిహద్దు దాటి పూండి జలాశయంలో కలుస్తాయి. ఈ దారంతా వాడి చేత నేల మీద సుద్దముక్కతో గీయించి, జలాశయం ఉన్న చోటల్లా ఒక గిన్నె పెట్టించండి. ఈసారి ఒంగోలు వెళ్లేటప్పుడు నెల్లూరు దగ్గర రైలు పెన్నా వంతెన ఎక్కగానే లేపి చూపించండి, మన నీళ్లు ఈ నదికి ఎగువన ఆగి వచ్చాయని. బొమ్మలో గీసిన నది కిటికీలోంచి కనబడితే ఇక మరచిపోడు.

2019 సంగతి కూడా చెప్పండి, కానీ భయపెట్టడానికి కాదు. ఆ వేసవిలో చెరువులు ఎండిపోతే జూలైలో జోలార్‌పేట నుంచి యాభై వ్యాగన్ల రైలు 25 లక్షల లీటర్ల నీళ్లు మోసుకొచ్చింది. రైలంటే పడిచచ్చే వయసు కదా, వాడే లెక్కలు వేసి మిమ్మల్ని ఎదురు ప్రశ్నలు అడుగుతాడు.

అరటితొక్క విషయంలో తప్పు వాడిది కాదు. తడి చెత్త బుట్ట ఎక్కడ పెట్టారు? సింకు కింద తలుపు వెనకే అయి ఉంటుంది. కాగితాల బుట్ట ఎదురుగా ఉంటే ఏ పిల్లవాడైనా అందులోనే వేస్తాడు. రెండూ పక్కపక్కన పెట్టి, ఒకదానికి తొక్క బొమ్మ, ఇంకోదానికి కాగితం బొమ్మ అంటించండి. పాపకు ఇంకా చదువు రాదు కాబట్టి అక్షరాలు వద్దు.

పాల ప్యాకెట్లు బాబుకు వదిలేయండి. మూలను పూర్తిగా కత్తిరించి తీసేయకుండా కొద్దిగా గాటు పెట్టి మీరు పాలు ఒంపుకోండి. విడిపోయిన ఆ చిన్న ముక్కను చెత్తలోంచి ఎవరూ ఏరలేరు. కవరు కడిగి బోర్లించి ఆరబెట్టడం వాడి వంతు. నెలాఖరున పాత పేపర్ల కొట్టుకు వాడినే తీసుకెళ్లండి, తూకం వాడే చూడాలి, వచ్చిన చిల్లర వాడిదే. చిప్స్ ప్యాకెట్లు కూడా పట్టుకెళ్లనివ్వండి. కొట్టతను వద్దంటాడు. ఎందుకు వద్దంటున్నారని వాడినే అడగనివ్వండి. ప్లాస్టిక్కు, అల్యూమినియం పొరలుగా అతుక్కుపోయిన సరుకు అది, విడదీయడం గిట్టుబాటు కాదు. దానితో చిప్స్ మానేస్తాడని ఆశపడకండి, నా మనవలూ మానలేదు. కానీ దుకాణంలో రెండు ప్యాకెట్లు అడిగేవాడు ఒకటి అడిగితే అదే పదివేలు.

ప్రశ్న: రెండో తరగతి పాపకు పనికిరాని వస్తువులతో బొమ్మలు చేసే పోటీ పెట్టారు. ఇంట్లో ఖాళీ సీసాలు, అట్టపెట్టెలు లేవు. కొత్తవి కొని పంపవచ్చా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: ఇంట్లో చెత్త లేనందుకు బహుమతి మీకివ్వాలి! థర్మకోల్, రంగుల కాగితం, జిగురు, మెరుపుల పొడి కొని, ఒక పాత సీసాకు వాటన్నిటినీ అంటించి, రెండు రోజుల తరువాత మొత్తం పారేసే ఈ పోటీలంటే నాకు మొదటినుంచీ చిరాకు. సీసాను సీసాగా వదిలేస్తే కొట్టుకైనా వెళ్లేది. కొనకండి. ఊడిన బొత్తాం పాప చేతే కుట్టించి ఆ చొక్కా పంపండి. మార్కులు తగ్గితే తగ్గనివ్వండి, బొత్తాం కుట్టడమైనా వస్తుంది.

ప్రశ్న: తాబేలు కడుపులో ప్లాస్టిక్ ఉన్న వీడియో చూసినప్పటి నుంచి ఐదేళ్ల మనవరాలు రాత్రుళ్లు ఏడుస్తోంది. ఏం చెప్పాలి?
– ఒక తాతగారు, అంబత్తూరు

జవాబు: ఆ వీడియోలు కొంతకాలం ఆపేయండి అన్నయ్యగారూ. అయిదేళ్ల పిల్ల సముద్రాన్ని శుభ్రం చేయలేదు, చేయలేని పనికి దిగులు పడుతోంది. మన తీరానికి ఏటా చలికాలంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. బీసెంట్ నగర్ వైపు స్వచ్ఛంద కార్యకర్తలు రాత్రంతా తీరం వెంట నడిచి, ఆ గుడ్లను ఏరి కంచె వేసిన చోట భద్రపరుస్తారు. వేసవి మొదట్లో పిల్లలు బయటికి వచ్చాక సముద్రంలోకి వదులుతారు. అది చూపించండి. సమయం ముందుగా కనుక్కొని వెళ్లండి. చేత్తో పట్టుకోకూడదని, ఫోను లైటు వేయకూడదని ఇంటి దగ్గరే చెప్పి బయలుదేరండి. శని, ఆదివారాలు మాత్రం వద్దు, పెద్దవాళ్ల కాళ్లు తప్ప పిల్లకు ఏమీ కనబడదు.